పక్కన పడుకునేవాళ్లను అడగండి

2013 డిసెంబరు 1, ఆదివారం ఉదయం. న్యూయార్క్‌కు వెళ్తున్న ఓ లోకల్ రైలు స్పైటన్ డైవిల్ స్టేషను దగ్గరి మలుపులో పట్టాలు తప్పింది. ఆ మలుపులో గంటకు 48 కిలోమీటర్లు దాటకూడదు. రైలు 132లో ఉంది. నలుగురు చనిపోయారు, పదుల మంది గాయపడ్డారు. డ్రైవరు మద్యం ముట్టలేదు. సీట్లో కూర్చునే మగతలోకి జారుకున్నాడు. అంతకు రెండు వారాల ముందే అతని డ్యూటీ వేళలు తెల్లవారుజాముకు మారాయి. అది ఒక కారణం. రెండోది ప్రమాదం తర్వాత చేసిన నిద్ర పరీక్షలో బయటపడింది. అతనికి తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు ఉంది. ఆ సంగతి అతనికే తెలియదు. ఉద్యోగంలో భాగంగా జరిగే వైద్య పరీక్షల్లో ఆ జబ్బు కోసం వెతికే పద్ధతే లేదని దర్యాప్తు తేల్చింది.

జ్వరమొస్తే ముందు రోగికే తెలుస్తుంది. నిద్ర జబ్బు సంగతి మాత్రం రోగికి అందరికంటే చివర్న తెలుస్తుంది. నిద్రపోతున్న మనిషి తన గురక తాను వినలేడు, ఊపిరి ఆగిన క్షణాన్ని గుర్తుపెట్టుకోలేడు. అందుకే ఈ జబ్బును పట్టుకునే పని ఆసుపత్రిలో కాదు, పడకగదిలో మొదలవ్వాలి.

మీ సంగతి చూడండి. పదింటికి పడుకుని ఆరింటికి లేస్తారు. అయినా ఆఫీసులో పదకొండయ్యేసరికి ఆవులింతలు. మధ్యాహ్నం భోజనం తర్వాత కంప్యూటరు ముందే కునికిపాట్లు. ఆదివారం పదింటిదాకా పడుకున్నా ఒళ్లు తేలికపడదు. ఇంట్లో బద్ధకమంటారు, ఆఫీసులో శ్రద్ధ లేదంటారు. షుగరు చూపించుకున్నారు, థైరాయిడ్ చూపించుకున్నారు. నిద్ర ఎలా ఉందని ఏ డాక్టరైనా అడిగారా? పోనీ, మీరైనా చెప్పారా?

1. సాక్షిని కూర్చోబెట్టి అడగండి

భార్యో భర్తో, పిల్లలో, హాస్టల్లో రూమ్మేటో, మీ పక్కన ఎవరు పడుకుంటారో వాళ్లే మీ మొదటి సాక్షి. వాళ్లను సరదాగా కాదు, కూర్చోబెట్టి అడగండి. గురక ఎప్పుడో ఒకసారా, రోజూనా? తలుపు వేసినా పక్క గదిలోకి వినిపిస్తుందా? గురక మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతుందా? ఆగాక గట్టిగా ఎగశ్వాస తీసి ఉలిక్కిపడతానా? కాళ్లు జాడిస్తానా? కేకలు పెడతానా?

ఈ ప్రశ్నలన్నిటిలో ముఖ్యమైనది గురక ఆగడం గురించిన ప్రశ్న. చాలా ఇళ్లలో గురక ఆగగానే పక్కవాళ్లు 'హమ్మయ్య' అనుకుని అటు తిరిగి పడుకుంటారు. జబ్బు ఉండేది ఆ నిశ్శబ్దంలోనే. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి, నాలుక వెనక్కి జారుతుంది, గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఛాతీ, పొట్ట ఎగసిపడుతూనే ఉంటాయి కానీ గాలి మాత్రం లోపలికి పోదు. పది సెకన్లు, ఇరవై సెకన్లు, కొందరిలో అంతకన్నా ఎక్కువ. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. ప్రమాదం పసిగట్టిన మెదడు మనిషిని ఒక్క క్షణం లేపుతుంది, గొంతు తెరుచుకుంటుంది, పెద్ద శబ్దంతో ఊపిరి ఆడుతుంది, మళ్లీ గురక. తీవ్రంగా ఉన్నవాళ్లలో ఇది గంటకు ముప్పైసార్లకు పైగానే జరుగుతుంది. పొద్దున లేచాక మనిషికి ఇందులో ఒక్కటీ గుర్తుండదు. 'పడుకుంటే కుంభకర్ణుడే' అని అందరూ అనేది ఇలాంటి మనిషినే. నిజానికి ఆ మనిషికి రాత్రంతా గాఢనిద్రన్నదే కరువు.

చెబితే నమ్మకపోతే ఫోనులో వీడియో తీయమనండి. పడుకోగానే కాదు, తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య తీయాలి. కలలొచ్చే నిద్ర ఎక్కువగా ఉండేది అప్పుడే. ఆ నిద్రలో కండరాలు మరింత వదులవుతాయి కాబట్టి ఊపిరి ఆగడమూ ఎక్కువే. మనిషి వెల్లకిలా ఉన్నప్పుడు ముఖం, ఛాతీ, పొట్ట కనిపించేలా, శబ్దం వినిపించేలా రెండు మూడు నిమిషాలు చాలు. డాక్టరుకు ఇరవై మాటలు చెప్పలేనిది ఆ వీడియో చెబుతుంది. ఒంటరిగా ఉండేవాళ్లు ఫోనులో రికార్డరు ఆన్ చేసి తలగడ పక్కన పెట్టుకోవచ్చు. రైల్లో పై బెర్తు ప్రయాణికుడు పొద్దున్నే మీ వంక అదోలా చూశాడా? అదీ సాక్ష్యమే.

ఆడవాళ్ల విషయంలో ఈ సాక్ష్యం రాబట్టడం కష్టం. గురక పెడతానని ఒప్పుకోవడమే నామోషీ అనుకునే ఇళ్లు మనవి. పైగా వాళ్లు చెప్పే బాధ వేరేలా ఉంటుంది. నీరసం, తలనొప్పి, చిరాకు, రాత్రి మాటిమాటికీ మెలకువ. దాంతో ఇంటి చాకిరీ అనో, రక్తం తక్కువనో సర్దేస్తారు. ముట్లుడిగిన తర్వాత స్త్రీలలో ఆప్నియా ముప్పు పెరుగుతుంది. అమ్మ పక్కన ఒక రాత్రి మెలకువగా ఉండి వినండి.

2. పగటి మత్తును లెక్కగట్టండి

'అలసటగా ఉంది' వేరు, 'నిద్ర ముంచుకొస్తోంది' వేరు. మెట్లెక్కితే కాళ్లు లాగడం అలసట. మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్లు మూతపడటం నిద్రమత్తు. డాక్టరుకు ఈ తేడా కావాలి.

దీన్ని కొలవడానికి మెల్‌బోర్న్‌లోని ఎప్‌వర్త్ ఆసుపత్రి వైద్యుడు ముర్రే జాన్స్ ఒక చిన్న ప్రశ్నావళి తయారుచేశారు. 1991లో ప్రచురితమైన ఆ ఎప్‌వర్త్ స్కేలునే ఇప్పటికీ వాడుతున్నారు. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, సభలో ఊరికే కూర్చున్నప్పుడు, గంటసేపు కారులో ప్రయాణికుడిగా వెళ్తున్నప్పుడు, ఇలా ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశం ఎంత? అసలు లేకపోతే 0, తప్పకుండా పడుతుందంటే 3. మొత్తం 24కు ఎంతొచ్చిందో చూస్తారు. 10 దాటితే మత్తు మామూలు కంటే ఎక్కువనే అర్థం.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు మార్కులు తగ్గించి వేసుకోవడం. టీవీ ముందు నిద్రపోయి, 'ఊరికే కళ్లు మూసుకున్నా' అనే నాన్నలు ప్రతి ఇంట్లో ఉంటారు. అందుకని ఒక కాగితం మీరు నింపండి, మరో కాగితం మీ గురించి ఇంట్లోవాళ్లను నింపమనండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఒక్క సందర్భంలో మాత్రం స్కోరు కూడా అక్కర్లేదు. బండి నడుపుతుండగా, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒక్కసారి కునుకు పట్టినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. పరీక్ష, చికిత్స పూర్తయ్యేదాకా స్టీరింగు మరొకరికి ఇవ్వండి. రాత్రి లారీ, క్యాబ్, స్కూలు బస్సు నడిపేవారికి ఇది బతుకుతెరువు సమస్య, నిజమే. చెబితే ఉద్యోగం పోతుందన్న భయమే చాలామందిని డాక్టరు దాకా రానివ్వదు. ఇది చికిత్సకు లొంగే జబ్బని యజమానులకూ తెలియాలి.

3. చిన్న గుర్తులను కలిపి చూడండి

రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నారా? షుగరో ప్రొస్టేటో కావచ్చు, ఆప్నియా కూడా కావచ్చు. పొద్దున లేవగానే తల బరువు, నోరు పిడచకట్టుకుపోవడం ఉన్నాయా? మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగడం లేదా? గుండె లయ తప్పుతోందని చెప్పారా? విడివిడిగా చూస్తే ఒక్కో గుర్తుకు ఒక్కో డాక్టరు. కలిపి చూస్తే దారి నిద్ర వైపు తిరుగుతుంది.

టైలరు టేపు తీసుకుని మెడ చుట్టుకొలత చూడండి. 40 సెంటీమీటర్లు దాటడం, యాభై ఏళ్లు పైబడటం, మగవారు కావడం, బీపీ, ఊబకాయం, పెద్ద గురక, పగటి అలసట, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరో చూడటం. ఈ ఎనిమిది అంశాలతో టొరంటో వైద్యురాలు ఫ్రాన్సెస్ చంగ్ బృందం 2008లో 'స్టాప్-బ్యాంగ్' అనే పరీక్షను రూపొందించింది. మూడు, నాలుగు ఉంటే ముప్పు మధ్యస్థం, ఐదు లేదా అంతకు మించి ఉంటే ఎక్కువ. ఏదైనా ఆపరేషనుకు వెళ్తుంటే మత్తు డాక్టరుకు మీ గురక సంగతి ముందే చెప్పండి. అడగకపోయినా చెప్పండి.

'సన్నగా ఉన్నాను, నాకెందుకొస్తుంది' అని మాత్రం అనుకోకండి. దవడ చిన్నదిగా, వెనక్కి ఉన్నా గాలి దారి ఇరుకే.

'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో తెలుగువాళ్లను ఊపేసిన బప్పీలహరి 2022 ఫిబ్రవరి 15న ముంబైలో కన్నుమూశారు. ఆయనకు ఇతర ఆరోగ్య సమస్యలూ ఉన్నాయి. మరణానికి కారణంగా వైద్యులు చెప్పింది మాత్రం స్లీప్ ఆప్నియా. ఆ రోజు చాలామంది ఈ జబ్బు పేరు మొదటిసారి విన్నారు.

4. గురక లేకపోయినా జబ్బు ఉండొచ్చు

పడుకోగానే కాళ్లు లాగుతాయి, పిక్కల్లో పురుగులు పాకినట్టుంటుంది, కదిపితేనే హాయి, ఆపితే మళ్లీ మొదలు. సాయంత్రమైతే ఎక్కువ, పొద్దున ఉండదు. దీని పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. మన ఇళ్లలో అమ్మమ్మలు కాళ్లకు గుడ్డ బిగించి కట్టుకుని పడుకోవడానికి ఒక్కోసారి కారణం ఇదే. ఇనుము తగ్గినవాళ్లలో, గర్భిణుల్లో, కిడ్నీ జబ్బున్నవాళ్లలో ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి మన దగ్గర ఈ బాధను తేలిగ్గా తీసుకోకూడదు. హిమోగ్లోబిన్‌తో ఆగకుండా ఫెరిటిన్ అనే రక్తపరీక్ష కూడా చేయించమని అడగండి. ఒంట్లో ఇనుము నిల్వ తక్కువుంటే, డాక్టరు చెప్పిన మోతాదులో ఇనుము తీసుకోవడంతోనే చాలామందికి తగ్గుతుంది. మగత తెప్పించే జలుబు మాత్రలు దీన్ని పెంచుతాయి.

యాభై, అరవై దాటిన పెద్దాయన నిద్రలో గుద్దుతున్నాడు, తంతున్నాడు, మంచం మీంచి దూకుతున్నాడు. లేపితే 'దొంగ వెంటపడ్డాడు' అంటాడు. దెయ్యమనో, తాయెత్తు కట్టించాలనో అనుకోకుండా న్యూరాలజిస్టుకు చూపించండి. కలలు కనేటప్పుడు మామూలుగా శరీరం కదలకుండా ఉంటుంది. ఆ కట్టడి తప్పితే మనిషి కలను నటించేస్తాడు. దీన్ని ఒక జబ్బుగా 1986లో అమెరికాలోని మిన్నెసోటా వైద్యులు షెంక్, మహోవాల్డ్ వర్ణించారు. ఇలాంటివారిలో చాలామందికి కొన్నేళ్ల తర్వాత పార్కిన్సన్స్ వంటి జబ్బులు కనిపించాయి. అందుకే ముందే తెలియడం ముఖ్యం. పరీక్ష జరిగేలోపు మంచం చుట్టూ గాజు వస్తువులు, బల్లలు తీసేయండి.

గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు సడలిపోయి కూలబడే యువకుడు, తరగతిలో రోజూ నిద్రపోయే అమ్మాయి నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బు బాధితులు కావచ్చు. అది సోమరితనమూ కాదు, మూర్ఛా కాదు.

పిల్లల సంగతి ఇంకోలా ఉంటుంది. నిద్ర చాలని పెద్దవాళ్లు తూగుతారు, పిల్లలు గెంతుతారు. నోరు తెరిచి పడుకునే, గురక పెట్టే, రాత్రి చెమటతో తడిసిపోయే పిల్లవాడు బళ్లో ఒకచోట కుదురుగా కూర్చోకపోతే కొట్టకండి. ఈఎన్‌టీ డాక్టరుకు టాన్సిల్స్, అడినాయిడ్స్ చూపించండి.

ఇక నిద్రే పట్టనివాళ్లు. వారానికి మూడు రాత్రులైనా, మూడు నెలలుగా ఇలా ఉండి, పగలు దాని ప్రభావం కనిపిస్తుంటే అది దీర్ఘకాలిక నిద్రలేమి. నాలుగు రోజుల పరీక్షల టెన్షన్‌ను ఆ లెక్కలో వేయకండి.

5. మాత్రతో మొదలుపెట్టకండి

మాత్రతో మొదలుపెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. వీధి చివరి మందుల షాపులో ఆల్‌ప్రాజోలం అడిగి తెచ్చుకోవడం, పక్కింటి ఆంటీకి రాసిన మాత్ర సగం వేసుకోవడం, రెండు పెగ్గులేసి పడుకోవడం. వీటివల్ల నిద్ర త్వరగా రావచ్చు. కానీ ఆప్నియా ఉన్నవారిలో గొంతు కండరాలు ఇంకా వదులవుతాయి, మెదడు లేపే వేగం తగ్గుతుంది. ఊపిరి ఆగే సమయం పెరుగుతుంది. నెలల తరబడి వాడినవారు ఉన్నట్టుండి మానేయడమూ ప్రమాదమే. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

నిద్రలేమికి ముందుగా చేయాల్సిన చికిత్స మాత్ర కాదని, నిద్ర అలవాట్లను, ఆలోచనలను సరిచేసే సీబీటీ-ఐ అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. దిగులు, ఆందోళన వల్లే నిద్ర పోయిందనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి-మానస్ ఉచిత సేవ అది. తెలుగులో మాట్లాడతారు.

చేతి వాచీ చూపించే 'డీప్ స్లీప్' అంకెల వెంట పడకండి. కొన్ని వాచీలు ఆప్నియా అనుమానాన్ని హెచ్చరించగలవు. హెచ్చరిస్తే డాక్టరుకు చూపించండి. హెచ్చరించలేదని మాత్రం ధీమా పడొద్దు.

6. రెండు వారాలు రాయండి, ఆ తర్వాత వెళ్లండి

పాత నోటుబుక్కు చాలు. పడుకున్న వేళ, నిద్ర పట్టిందనిపించిన వేళ, మధ్యలో మెలకువలు, లేచిన వేళ, పగటి కునుకులు, కాఫీ టీలు, మద్యం, మాత్రలు. గడియారం చూస్తూ రాత్రి రాయకండి, పొద్దున లేచాక అంచనాగా రాయండి. నైట్ షిఫ్టు ఉంటే ఆ రోజు పక్కన గుర్తు పెట్టండి. హైదరాబాద్ ఐటీ ఉద్యోగి, విశాఖ ఉక్కు కార్మికుడు, సింగరేణి గని కార్మికుడు. వీళ్ల నిద్ర కష్టంలో సగం ఆ షిఫ్టు గుర్తుల్లోనే కనిపిస్తుంది. బండి నడుపుతూ తూగేవాళ్లు మాత్రం ఈ రెండు వారాలు ఆగక్కర్లేదు.

డాక్టరు గదిలో ఏం జరుగుతుందో ఊహించండి. 'నిద్ర సరిగా పట్టట్లేదండీ' అంటే ఒక మాత్ర రాస్తారు, రెండు నిమిషాల్లో బయటికొస్తారు. అదే, 'రోజూ గురక పెడతానట సార్, మధ్యలో ఊపిరి ఆగుతోందని మా ఆవిడ చెప్పింది, వీడియో ఉంది, బండి మీద ఒకసారి కునుకు పట్టింది' అనండి. సంభాషణే మారిపోతుంది. వీలైతే ఆ ఆవిడనూ వెంట తీసుకెళ్లండి.

ఎవరి దగ్గరికి? గురక, ఊపిరి సమస్యకు పల్మనాలజిస్టు లేదా ఈఎన్‌టీ. కాళ్ల బాధ, కలల్లో కొట్టుకోవడం, నార్కోలెప్సీ అనుమానానికి న్యూరాలజిస్టు. దిగులుతో కూడిన నిద్రలేమికి సైకియాట్రిస్టు. ఎటూ తేలకపోతే మీ ఫ్యామిలీ డాక్టరుతో మొదలుపెట్టండి. ఫోన్ చేసి 'మీ దగ్గర స్లీప్ ల్యాబ్ ఉందా, పరీక్షకు ఎంతవుతుంది, ఇన్సూరెన్స్ వర్తిస్తుందా' అని ముందే అడగండి. ఖర్చు ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటుంది.

7. పరీక్ష రాత్రికి భయపడకండి

నిద్ర పరీక్షకున్న పాలీసోమ్నోగ్రఫీ అనే పెద్ద పేరు విని చాలామంది జంకుతారు. సూదులుండవు, నొప్పి ఉండదు. రాత్రి తొమ్మిదింటికల్లా రమ్మంటారు. మామూలు గదిలాంటి గది, ఒక మంచం, గోడకు కెమెరా. టెక్నీషియన్ తలమీద జుట్టు పాయలు తీసి జిగురు పేస్టుతో చిన్న తీగలు అంటిస్తారు. మెదడు తరంగాలు వాటి ద్వారా నమోదవుతాయి. కళ్ల పక్కన రెండు, గడ్డం కింద, కాళ్ల పిక్కల మీద, ఛాతీ మీద మరికొన్ని. ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి పొట్టకు రెండు పట్టీలు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. అద్దంలో చూసుకుంటే కంగారు పుడుతుంది, అరగంటలో అలవాటవుతుంది. మూత్రానికి లేవాలంటే పిలిస్తే వైర్ల పెట్టె విప్పుతారు.

ఆ రోజు తలకు నూనె రాయకండి, తీగలు అంటవు. గోళ్ల రంగు తీసేయండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు, పగలు కునుకు వద్దు. రోజూ వేసుకునే మందులను మీకు మీరే ఆపకండి, డాక్టరునే అడగండి. మీ తలగడ, లుంగీ, నైటీ తెచ్చుకోవచ్చు. 'కొత్త చోట నిద్ర పట్టలేదు, పరీక్ష వృథా' అని దిగులుపడేవాళ్లే ఎక్కువ. తక్కువ నిద్రలోనూ చాలాసార్లు కావాల్సిన సమాచారం దొరుకుతుంది.

ఆప్నియా అనుమానం గట్టిగా ఉండి, గుండె, ఊపిరితిత్తుల జబ్బులేవీ లేనివారికి ఇంట్లోనే చేసే చిన్న పరీక్ష సరిపోతుంది. అందులో మెదడు తరంగాలు చూడరు. కాబట్టి అది బాగానే ఉందని వచ్చినా మీ బాధ తగ్గకపోతే ల్యాబ్ పరీక్ష అడగండి. నార్కోలెప్సీ అనుమానముంటే మర్నాడు పగలు కూడా ఉండాలి. రెండేసి గంటలకోసారి పడుకోబెట్టి ఎంత త్వరగా నిద్రపోతారో చూస్తారు.

8. రిపోర్టును సొరుగులో పెట్టకండి

రిపోర్టులో ఏహెచ్ఐ అనే అంకె వెతకండి. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే లెక్క అది. పెద్దవాళ్లలో 5 లోపు మామూలు, 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. దాని పక్కనే ఆక్సిజన్ ఎంత కిందికి పడిందో చూడండి. పిల్లలకు ఈ కొలతలు వర్తించవు.

మధ్యస్థం, తీవ్రం అయితే ఎక్కువగా సీప్యాప్ యంత్రం సూచిస్తారు. ముక్కుకు మాస్కు పెట్టి, గాలి ఒత్తిడితో గొంతు దారిని తెరిచి ఉంచే ఈ పద్ధతిని సిడ్నీ వైద్యుడు కొలిన్ సలివన్ బృందం 1981లో లోకానికి చెప్పింది. స్వల్పంగా ఉన్నవారికి బరువు తగ్గడం, ఒత్తిగిలి పడుకోవడం, మద్యం మానడం, పళ్ల డాక్టరు చేసే దవడ పరికరం వంటివి ఉన్నాయి. పరీక్ష లేకుండా ఆన్‌లైన్‌లో యంత్రం కొనకండి. ఎంత ఒత్తిడి పెట్టాలో పరీక్షే చెబుతుంది.

మొదటి వారం మాస్కు చిరాకు పెడుతుంది. ఆ వారంలోనే చాలామంది యంత్రాన్ని అటక ఎక్కిస్తారు. మాస్కు గాలి కారుతుంటే సైజు మార్పించుకోండి, ముక్కు ఎండిపోతుంటే తేమ అందించే హ్యుమిడిఫయర్ అడగండి. సాయంత్రం టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోండి. కరెంటు పోయే ఊరైతే ఇన్వర్టరుకు కలపండి. రాత్రికి కనీసం నాలుగు గంటలు, వీలైతే నిద్రంతా వాడాలి. కొన్నిచోట్ల కొనేముందు అద్దెకూ ఇస్తారు, అది మంచి దారి. నెల తర్వాత యంత్రంలోని చిప్పు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇంకో పని మిగిలి ఉంది. ఆప్నియా కుటుంబాల్లో నడిచే జబ్బు. మీకుందని తేలితే మీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఈ వారంలోనే ఫోన్ చేసి చెప్పండి. వాళ్ల పక్కన పడుకునేవాళ్లతో కూడా మాట్లాడండి.